రేగే జుట్టుతో పది వారాలు: లాసన్స్ బే డైరీ

మే 24

పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాను. అక్కడున్నన్నాళ్ళూ నా జుట్టు నా మాట విన్నది. ఉదయం దువ్వుకుంటే రాత్రి భోజనాల దాకా అలాగే ఉండేది. తిరుగు ప్రయాణంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ దువ్వాడ దాటాక వాష్‌బేసిన్ మీది అద్దంలో చూసుకుంటే నుదుటి దగ్గర పిల్లవెంట్రుకలు అప్పటికే లేచి నిలబడ్డాయి. విశాఖ స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి, లాసన్స్ బే కాలనీలో ఇంటికి చేరేసరికి తల మొత్తం కొబ్బరి పీచయింది. తలుపు తీసిన అమ్మమ్మ ఎగాదిగా చూసి, "అదేటే, రైల్లో ఎవుల్తోనైనా జుట్లు పట్టుకున్నావా?" అంది.

నాది వీపు సగం దాకా వచ్చే జుట్టు. సాఫీగా ఉండదు, ఉంగరాలూ తిరగదు, మధ్యరకం అలలు. ఆఫీసు రుషికొండ వైపు. రోజూ స్కూటీ మీద బీచ్ రోడ్డే దారి. జుట్టు ఇలా రేగడాన్ని పార్లర్ అక్క 'ఫ్రిజ్' అంటుంది (మా అమ్మమ్మకి ఫ్రిజ్ అంటే వంటింట్లో ఉన్నదే), జుట్టు సాఫీ చేసే కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమని రెండేళ్ళుగా చెబుతోంది. చేయించుకోలేదు. ఖర్చు ఒక కారణం. అసలు కారణం, ఆ మందుల్లో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, ఇంకొన్నింటిలో స్ట్రెయిట్‌నర్ వేడి తగలగానే అది ఆవిరిగా బయటికొస్తుంది. క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉన్నది. అద్దాల గది, ఏసీ, మూసిన తలుపులు, ఆ పొగ. నాకు వద్దు. రోజంతా దాని మధ్యే పనిచేసే అక్క గురించి ఆలోచిస్తే ఇంకా వద్దనిపిస్తుంది.

అందుకని ఈ డైరీ. వారానికి ఒక్క మార్పు, అంతకు మించి లేదు. ఇదివరకు ఒకేసారి సీరమ్, మాస్క్, కొత్త షాంపూ మూడూ మొదలుపెట్టి, ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియక మూడూ మానేసిన అనుభవం ఉంది.

మే 27

కొలత ఎలా అన్నది పెద్ద ప్రశ్న. 'బాగుంది', 'రఫ్‌గా ఉంది' అని రాసుకుంటే ఆ రోజు నా మూడ్ ఎలా ఉందో తెలుస్తుంది గానీ జుట్టు సంగతి తెలియదు. బాల్కనీ గోడకి భుజాల ఎత్తులో కుట్టుపని టేపు అడ్డంగా అంటించాను. సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి రాగానే జుట్టు విప్పి, గోడవైపు తిరిగి నిలబడతాను. వెనక స్టూలు మీద ఫోను, పది సెకన్ల టైమర్. ఫొటోలో జుట్టు ఎంత వెడల్పు పరుచుకుందో టేపు మీద చదువుకోవడమే. వెన్నెముక మధ్యగీత అనుకుంటే ఎడమ సగం, కుడి సగం విడివిడిగా వస్తాయి. కాబట్టి ఒకే రోజు, ఒకే గాలిలో, ఎడమవైపు ఒక పద్ధతి, కుడివైపు ఇంకో పద్ధతి పోల్చవచ్చు.

మూడు రోజుల సగటు 34 సెంటీమీటర్లు. చెరో వైపు 17.

గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కూడా కొన్నాను. పొద్దున్న పడగ్గదిలో 82 శాతం, మధ్యాహ్నం బాల్కనీలో 70, ఆఫీసు ఏసీలో 48. మీటరు వచ్చాక చదివితే తెలిసింది, 1783లో సోసూర్ అనే స్విస్ శాస్త్రవేత్త గాలిలో తేమని కొలవడానికి మనిషి వెంట్రుకనే వాడాడట. ఎండు గాలిలోంచి పూర్తి తేమలోకి వస్తే వెంట్రుక 2 నుంచి 2.5 శాతం దాకా పొడుగు సాగుతుంది. అంటే నెత్తిమీద ఉన్న మీటరు చూపిస్తున్నదాన్ని చూడ్డానికి నేను డబ్బు పెట్టి ఇంకో మీటరు కొన్నానన్నమాట.

ఎందుకు రేగుతుందో కూడా ఇక్కడే రాసి పెట్టుకుంటాను, తరవాత పనికొస్తుంది. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది, ఒక పెంకు మీద ఇంకో పెంకు. లోపలంతా కెరటిన్ అనే ప్రొటీన్. దాని పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలుంటాయి. నీళ్ళు తగిలితే అవి ఊడిపోతాయి, ఆరేటప్పుడు మళ్ళీ పడతాయి. ఆరే సమయానికి వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపుకే ముడిపడతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఈ ఊడటం, పడటం రోజంతా కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. పెంకులు లేచిపోయిన చోట తేమ ఇంకా సులువుగా దూరుతుంది. ఒక్కో వెంట్రుక ఒక్కో మేర ఉబ్బి, ఒక్కో దిక్కు తిరుగుతుంది. అదీ పీచు.

సముద్రాన్ని నేనేం చేయలేను. పెంకులు లేవకుండా చూడటం, ఆరేటప్పటి వంపు, ఈ రెండే నా చేతిలో ఉన్నవి.

జూన్ 2

మొదటి మార్పు తువ్వాలు. ఇది నా ఆలోచన కాదు. తలస్నానం చేసి బాల్కనీలో తల తుడుచుకుంటుంటే అమ్మమ్మ లోపల్నుంచి కేకేసింది, "అదేటే, తల తుడుస్తన్నావా, గిన్నెలు తోముతున్నావా?"

నిజమే, తోముతున్నాను. తడిసిన వెంట్రుక ఉబ్బి మెత్తబడి ఉంటుంది, పెంకులు కాస్త తెరుచుకుని ఉంటాయి. దాన్ని గరుకు టర్కీ తువ్వాలుతో ఎదురు దిశలో రుద్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ వారమంతా ఎడమవైపు పాత పద్ధతి. కుడివైపు నాన్నగారి పాత బనియనుతో కింద నుంచి పైకి గుప్పిట పట్టి పిండటం, అంతే, రుద్దడం లేదు. నీరు కారడం ఆగేదాకా గుడ్డ మార్చి మార్చి అద్దాను.

ఎడమ 17, కుడి 15. పైసా ఖర్చు లేకుండా రెండు సెంటీమీటర్లు. నమ్మలేక రెండోసారి వైపులు మార్చి చేశాను. ఈసారి ఎడమవైపు తగ్గింది.

జూన్ 9

దువ్వెన. సన్నపళ్ళ దువ్వెనతో తడి జుట్టుని పైనుంచి ఒక్క ఊపున కిందికి లాగడం నా ఇరవయ్యేళ్ళ అలవాటు. ఇప్పుడు వెడల్పు పళ్ళది. అదీ చివళ్ళ దగ్గర మొదలుపెట్టి, చిక్కు విడిపోయాక నాలుగు వేళ్ళు పైకి జరిగి, మళ్ళీ అక్కణ్ణుంచి.

దీనికి వెడల్పు కాదు, వేరే కొలత పెట్టుకున్నాను. దువ్వాక రాలినవాటిని తెల్లకాగితం మీద పరిచి చూడటం. ఒక చివర చిన్న తెల్ల గుండు ఉంటే అది కుదురు నుంచి రాలిన వెంట్రుక. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే, కంగారు పడక్కర్లేదు. గుండు లేని పొట్టి ముక్కలైతే అవి తెగినవి. మిగిలిన సగం తల మీదే ఉండి, పొట్టిగా, మొండిగా, పైకి నిలబడుతుంది. అంటే నా 'ఫ్రిజ్'లో కొంత భాగం తేమ వల్ల కాదు, నేను తెంపుకున్నదే. పాత పద్ధతిలో ఒక పూట 31 ముక్కలు. కొత్త పద్ధతిలో 9.

జూన్ 15

కండిషనర్. ఇన్నాళ్ళూ షాంపూ ప్యాకెట్టు చింపి, రుద్ది, కడిగేసి బయటపడటమే. కండిషనర్ అంటే పార్లర్‌వాళ్ళ వ్యాపారం అనుకునేదాన్ని. కాదు. దెబ్బతిన్న వెంట్రుక మీద ఋణావేశం ఎక్కువ. కండిషనర్‌లోని పదార్థానికి ధనావేశం. అందుకే అది వెళ్ళి ఎక్కడ పాడైందో అక్కడే ఎక్కువ అతుక్కుంటుంది, వెంట్రుకల మధ్య రాపిడి తగ్గిస్తుంది. చెవుల కింద నుంచి చివళ్ళ దాకా రాయాలి, మాడుకి కాదు. రాసి ఉండగానే వేళ్ళతో చిక్కు తీసేసుకుంటే తరవాత దువ్వెనకి పెద్దగా పని ఉండదు.

రెండువైపులా కలిపి 28. పెద్దగా రాయడానికేం లేదు, పనిచేసింది.

జూన్ 21

ఈ వారం ఘోరం.

గ్లిజరిన్ ఉన్న ఒక జెల్ తెచ్చాను. 'తేమని పట్టి ఉంచుతుంది' అని డబ్బా మీద రాసి ఉంది. పొద్దున్న రాసుకుంటే ఎంత బాగుందంటే, లిఫ్టులో పక్కింటావిడ అడిగి మరీ పేరు కనుక్కుంది. తెన్నేటి పార్కు దాటేసరికి మెడ దగ్గర జిగురు. ఆఫీసు మెట్లెక్కేసరికి జుట్టు ఉబ్బిపోయి, పైగా అంటుకుంటోంది. మా టీమ్‌లో అమ్మాయి, "అక్కా, తేనె పడిందా?" అని అడిగింది.

తప్పు జెల్‌ది కాదు, చదవని నాది. గ్లిజరిన్ నీటిని లాక్కునే పదార్థం. ఆ రోజు తేమ 86. గాలి నిండా నీళ్ళున్న చోట దాన్ని తలకి రాసుకోవడమంటే రమ్మని ముగ్గు వేసి పిలవడమే. విశాఖ జూన్‌లో కావలసింది తేమని లోపలికి పిలిచేది కాదు, బయటే ఆపేది. డైమెథికోన్‌లాంటి సిలికాన్ ఉన్న సీరమ్ రెండు చుక్కలు అరచేతుల్లో రుద్ది చివళ్ళకి రాస్తే అది చేసే పని ఇదే. సిలికాన్ అంటే భయపడేవాళ్ళు ఉన్నారు. షాంపూతో పోతుంది, నాకు ఇబ్బంది కనిపించలేదు.

జెల్ డబ్బా అమ్మకిచ్చాను. మడమల పగుళ్ళకి రాసుకుంటోంది, బ్రహ్మాండంగా ఉందట.

జూన్ 29

వారం మధ్యలో ఉన్నట్టుండి లెక్క పాడైంది. ఏమీ మార్చలేదు, 28 ఉన్నది 31కి ఎక్కింది. జుట్టు సబ్బు సరిగ్గా పోనట్టు గరగరలాడుతోంది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక వాచ్‌మన్ మాటల్లో బయటపడింది. మున్సిపల్ నీళ్ళు తక్కువ వస్తున్నాయని మోటారు బోరుకి మార్చారట.

మా బోరు సముద్రానికి నడిచి వెళ్ళేంత దగ్గర. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే మున్సిపల్ నీళ్ళు 230, బోరు 940. ఆ అంకెలో అన్ని రకాల లవణాలూ కలిసుంటాయి, కాఠిన్యం ఒక్కటే కాదు. దానికి ఇంకో పరీక్ష చేశాను. రెండు సీసాల్లో రెండు రకాల నీళ్ళు, చెరో చిన్న ముక్క బట్టలసబ్బు, మూత పెట్టి ఊపడం. మున్సిపల్ సీసాలో మెడ దాకా నురగ. బోరు సీసాలో నురగ లేదు, పైన తెల్లటి తెట్టు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళు చేసే పని అది. అవే వెంట్రుకకీ పట్టుకుని గరుకు చేస్తాయి.

ఆఖరి రెండు చెంబులకి మాత్రం మంచినీళ్ళు వాడదామని తీర్మానం. లీటరు నీళ్ళలో ఒక చెంచా నిమ్మరసం కలిపి ఆఖరి కడుగు. ఎక్కువ వేయకూడదు, కళ్ళలో పడకూడదు, మాడు మీద పుండ్లుంటే అసలు వద్దు. కొద్దిపాటి పులుపు నీటికి పెంకులు మళ్ళీ అణుగుతాయి. అమ్మమ్మ ఇది విని, "మా కుంకుడురసం పులుపే కదే" అంది. కుంకుడు రసం నిజంగానే కొంచెం ఆమ్ల గుణం ఉన్నది. అయితే ఒట్టి కుంకుడుతో నా జుట్టు ఎండుగడ్డి అవుతుంది. అమ్మమ్మ రోజుల్లో కుంకుడుకి ముందు నూనె తప్పనిసరి, ఆ సగం మాట మనం మరిచిపోయాం.

నూనె గురించి ఒక మాట. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో కొబ్బరి, సన్‌ఫ్లవర్, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చారు. తలస్నానానికి ముందు రాసినా తరవాత రాసినా వెంట్రుక ప్రొటీన్ కోల్పోవడాన్ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగగలదు. చేసినవాళ్ళు కొబ్బరి నూనె అమ్మే కంపెనీవాళ్ళే, అది కూడా చెప్పాలి కదా. నేను మాత్రం తలంటుకి ముందురోజు రాత్రి రెండు చెంచాలు చివళ్ళకి పట్టిస్తున్నాను. 29, తరవాత 27.

జూలై 6

ఈ ప్రాజెక్టులో అసలు మలుపు ఈ వారమే.

ఇన్నాళ్ళూ ఎనిమిదిన్నరకి తడి జుట్టుతోనే స్కూటీ ఎక్కేదాన్ని. బీచ్ రోడ్డు గాలికి ఆరిపోతుందిలే అని. ఆరేది, నిజమే. కానీ మొదటి వారం రాసుకున్నది చదువుకుంటే నాకే సిగ్గేసింది. ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపుకే ముడిపడుతుందని రాసింది నేనే. నలభై కిలోమీటర్ల వేగంతో సముద్రపు గాలి ఏ వంపు పెడుతుంది? నా జుట్టుకి రోజూ స్టైలింగ్ చేస్తున్నది బంగాళాఖాతం.

డ్రయర్ తీశాను. మూడేళ్ళ క్రితం కొన్నది, ముందు తగిలించే సన్నమూతి పెట్టెలోంచి బయటికే రాలేదు. ఆ మూతి పెడితే గాలి ఒక పట్టీలా ఒకే దిక్కుకి వస్తుంది. కుదుళ్ళ నుంచి చివళ్ళ వైపు, పెంకులు అణిగే దిశలో, జానెడు దూరం నుంచి, మధ్యరకం వేడి, చెయ్యి కదుపుతూనే ఉండాలి. ఆఖరున నిమిషం చల్లగాలి. వెంట్రుక వేడిమీద ఉండగా వదిలేస్తే ఆకారం నిలవదు, చల్లారాకే గట్టిపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా ఆరాలి. ముట్టుకుంటే ఆరినట్టుంటుంది, వెనక మెడ దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. చల్లగా ఉందంటే తడి ఉన్నట్టే. మొదటి రెండు రోజులూ ఆ 'దాదాపు' దగ్గర ఆపేశాను, 26. మూడో రోజు ఓపిగ్గా ఇంకో నాలుగు నిమిషాలు. 23.

అదే షాంపూ, అదే సీరమ్, తేమ 84. నాలుగు నిమిషాలకి మూడు సెంటీమీటర్లు. సీసాల మీద పెట్టిన డబ్బంతా గుర్తొచ్చి కడుపు మండింది.

సెలవురోజున అలలు అలాగే ఉంచాలనిపించి డిఫ్యూజర్ పెట్టాను. గిన్నెలా వెడల్పుగా, వేళ్ళలాంటి ముళ్ళతో ఉండే మూతి. గాలిని విడగొట్టి మెల్లగా పంపుతుంది. తల పక్కకి వంచి జుట్టు అందులో పోసుకుని కూర్చుంటే అమ్మమ్మ వచ్చి కాసేపు చూసింది. "మా సాంబ్రాణి గంపే కదే ఇది" అంది. బాలింతలకి, పసిపిల్లలకి నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన గంప బోర్లించి, జుట్టు దానిమీద పరిచి, వేళ్ళతో పాయలు విడదీస్తూ ఆరబెట్టేవారట. "తడి తలతో బయటికెల్తే మీ ముత్తవ్వ కర్ర తీసీది." జలుబు చేస్తుందని భయం ఆమెది. నా లెక్కకి కూడా సరిపోయింది.

జూలై 13

ఒక పాయ పోయింది. ఊడిపోలేదు, మాడిపోయింది.

ఆలస్యమైంది, ముందు పాయలు ఇంకా కాస్త తడి. స్ట్రెయిట్‌నర్ 210 డిగ్రీల్లో ఉంది, అలాగే పట్టాను. చుయ్‌మంది, ఆవిరి లేచింది. ఆ శబ్దం వెంట్రుక లోపలి నీరు మరిగిన శబ్దం. ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై లోపల బుడగలు చేస్తుంది, వెంట్రుక అక్కడ పెళుసెక్కి తెగుతుంది. కుడి చెవి ముందు పాయ ఇప్పుడు చీపురుపుల్లలా ఉంది. ఇది ఏ నూనెతోనూ బాగుపడదు. వెంట్రుకకి ప్రాణం లేదు, గాయం మానదు. కత్తిరించుకోవడమే దారి.

ఇక నుంచి: పూర్తిగా ఆరిన జుట్టు మీదే, వేడి తట్టుకోవడానికి స్ప్రే కొట్టి అది కూడా ఆరాక, 180 దాటకుండా, సన్న పాయలు, ఒక్కో పాయకి ఒక్కసారే. మందపు పాయ తీసుకుని నాలుగుసార్లు లాగడం కంటే ఇది తక్కువ దెబ్బ. వారానికి ఒకసారి మించి వద్దు. డ్రయర్ సరిగ్గా వాడాక ఆ అవసరం కూడా పెద్దగా రావడం లేదు.

జూలై 21

హెల్మెట్. దానికింద కట్టుకునే కాటన్ స్కార్ఫు చెమట పీలుస్తుంది, మంచిదే, కానీ నడినెత్తి మీద రాపిడి పెడుతుంది. పూర్ణా మార్కెట్ వైపు లైనింగ్ గుడ్డలమ్మే కొట్లో మీటరు శాటిన్ కొన్నాను. కొట్టాయన "జాకెట్‌కా అమ్మా?" అంటే "నెత్తికండీ" అన్నాను, ఆయన ఇంకేం అడగలేదు. సగం గుడ్డతో స్కార్ఫు, సగంతో దిండు గలేబు. జుట్టు కిందికి వదులుగా అల్లి, కొస చొక్కా లోపలికి తోసి, ఆపైన శాటిన్, ఆపైన హెల్మెట్. ఆఫీసులో విప్పితే అలలు పడి ఉంటాయి, పీచు లేదు.

హెల్మెట్ వల్ల జుట్టు పాడవుతుందని మానేద్దామన్న ఆలోచన ఒకప్పుడు నాకూ వచ్చింది. జుట్టుండాలంటే ముందు తల ఉండాలి.

రాత్రి కూడా వదులు జడ, శాటిన్ గలేబు. దీని ప్రభావం విడిగా కొలవలేకపోయాను, స్కార్ఫుతో కలిపే మొదలుపెట్టాను. నా నియమం నేనే తప్పాను.

ఆగస్టు 2

అల్పపీడనం, మూడు రోజులుగా ముసురు. మీటరు 93 చూపించింది. మొత్తం పద్ధతి అంతా చేసి వెళ్ళాను. సాయంత్రం 28. మేలో 82 శాతానికే 34 ఉండేది కదా అని సరిపెట్టుకున్నాను. ఇలాంటి రోజున జుట్టు విప్పుకుని వెళ్ళడం దండగ. మర్నాడు బిగువు తక్కువ జడ వేసి, కొస దగ్గర రెండు చుక్కలు కొబ్బరి నూనె రాసి వెళ్ళాను. హాయిగా ఉంది. టేపు ముందు నిలబడలేదు, జడకేం కొలుస్తాం.

మామూలు రోజుల సగటు ఇప్పుడు 23, 24 మధ్య. మొత్తం ఖర్చు లెక్కేస్తే నాలుగువేలకి కాస్త తక్కువ. అందులో తేమ మీటరు, టీడీఎస్ మీటరు, పనికిరాని జెల్, ఒకసారి వాడి పక్కన పెట్టిన మాస్క్ పోతే, నిజంగా పనికొచ్చినవి వెడల్పు పళ్ళ దువ్వెన, కండిషనర్, సీరమ్, శాటిన్ గుడ్డ. డ్రయర్, బనియను ఇంట్లో ఉన్నవే.

ఇంకా తేలనిది ఒకటుంది. నుదుటి పైనా చెవుల పక్కనా రెండు సెంటీమీటర్ల పొట్టి వెంట్రుకలు నిలబడే ఉన్నాయి. తెగినవేమో అని టెన్షన్ పడి భూతద్దం పెట్టి చూశాను. కొసలు సూదిలా సన్నగా ఉన్నాయి. తెగిన కొస మొద్దుగా ఉంటుంది, ఇవి కొత్తగా మొలిచినవి. నెలకి సెంటీమీటరు చొప్పున పెరిగితే దువ్వెన కింద పడుకోవడానికి దీపావళి దాటుతుంది. అక్టోబరు వానలకి టేపు మళ్ళీ అంటించాలి, ఈ వానకి జిగురు ఊడి ఒక కొస వేలాడుతోంది.

మాడిన పాయని నిన్న పార్లర్ అక్క నాలుగు వేళ్ళ పొడవుకి కత్తిరించింది. కెరటిన్ మాట మళ్ళీ ఎత్తలేదు, శాటిన్ గుడ్డ ఎక్కడ కొన్నావని మాత్రం అడిగింది. ఆ పాయ ఇప్పుడు చెవి మీద కోడిపుంజు తోకలా లేచి ఉంటోంది. పక్కపిన్ను పెట్టుకుని తిరుగుతున్నాను.